స్వగతం ఎవరికి వినపడాలి?

ప్రశ్న: సంస్కృత నాటకాల తెలుగు అనువాదాలు చదువుతున్నప్పుడు పాత్ర పేరు పక్కన స్వగతం, ప్రకాశం, జనాంతికం, అపవారితం, ఆకాశభాషితం అన్న సూచనలు కనిపిస్తున్నాయి. మొదటి రెండూ తెలిసినవే. తక్కిన వాటిని ఎలా గుర్తుపట్టాలి?
– ఒక పాఠకురాలు, చిక్కడపల్లి

జవాబు: ఒక పాత్ర పలికిన మాటను రంగస్థలం మీద ఉన్నవారిలో ఎవరు విన్నట్టు, ఎవరు విననట్టు భావించాలో తెలపడానికే ఈ సూచనలన్నీ ఏర్పడ్డాయి. ప్రేక్షకుడికి మాత్రం ఏ మాటైనా స్పష్టంగా వినపడవలసిందే. స్వగతాన్ని గొణుగుడుగా పలికే నటులు ఈ సంగతి మరచిపోతుంటారు. స్వగతం తోటి పాత్రలెవరికీ వినపడదు, ప్రకాశం అందరికీ వినపడుతుంది. జనాంతికం, అపవారితం ఈ రెండింటికీ నడుమ నిలుస్తాయి. పక్కన ఇతరులు ఉండగానే ఇద్దరు తమలో తాము మాట్లాడుకోవడం జనాంతికం. అప్పుడు నటుడు ఉంగరపు వేలిని మాత్రం మడిచి, తక్కిన వేళ్లను నిటారుగా ఉంచే త్రిపతాక హస్తంతో మిగిలినవారిని అడ్డగించినట్టు చూపుతాడు. అపవారితంలో పాత్ర పక్కకు తిరిగి ఒకరికి మాత్రమే రహస్యం చెబుతుంది. పదో శతాబ్దికి చెందిన ధనంజయుడి నాటక లక్షణ గ్రంథం ‘దశరూపకం’లో ఈ నిర్వచనాలు ఉన్నాయి.

‘అభిజ్ఞాన శాకుంతలం’ మొదటి అంకంలో దుష్యంతుడు ఆశ్రమ కన్యల ఎదుటికి వచ్చిన ఘట్టాన్ని ఈ దృష్టితో మరొకసారి చదవండి. తపోవనానికి తగని వికారం తనలో ఎందుకు కలుగుతోందని శకుంతల స్వగతంగా అనుకుంటుంది. ఈ వచ్చినవాడు ఎవరై ఉంటాడని చెలికత్తెలు జనాంతికంగా చర్చించుకుంటారు. ఆ వెంటనే వారిలో ఒకతె అయిన అనసూయ ప్రకాశంగా, ఎంతో మర్యాదతో, అతని వివరాలు అడుగుతుంది. తానెవరో బయటపెట్టాలా, దాచాలా అని రాజు స్వగతంలో తర్కించుకొని, ప్రకాశంగా మరేదో చెబుతాడు. నలుగురూ ఒకే చోట నిలబడి ఉన్నా ఒకరికి తెలిసినది మరొకరికి తెలియదు, ప్రేక్షకుడికి మాత్రం అంతా తెలుసు. ఆ ఘట్టంలోని సరసత్వమంతా ఈ ఏర్పాటులోనే ఉంది కాబట్టి, ఆ చిన్న సూచనలను దాటవేసి చదివితే మిగిలేది కేవలం కుశలప్రశ్నలు.

ఇక ఆకాశభాషితం అంటే రంగం మీద లేని వ్యక్తితో మాట్లాడడం. ఆ వ్యక్తి జవాబు ప్రేక్షకుడికి వినపడదు కాబట్టి నటుడే “ఏమంటున్నావు?” అని, ఆ మాటలను తానే తిరిగి పలికి, వాటికి బదులు చెబుతాడు. ఒకే పాత్రతో సాగే భాణం అనే రూపకం (నాటక భేదం) పూర్తిగా దీని మీదే ఆధారపడుతుంది. నేటి సాంఘిక నాటకంలో పాత్ర ఫోను చెవి దగ్గర పెట్టుకొని “ఏమిటీ, రైలు తప్పిపోయిందా?” అన్నప్పుడు జరుగుతున్నదీ అదే.

ప్రశ్న: కరుణ రసం ప్రధానంగా ఉన్న ప్రతి నాటకాన్నీ విషాదాంతం అనవచ్చునా?
– ఒక డిగ్రీ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అనకూడదు. రసం నాటకమంతటా వ్యాపించే అనుభూతి, విషాదాంతం కథ ముగిసే తీరు. భవభూతి ‘ఉత్తరరామచరితం’లో కరుణ నిండుగా ప్రవహించినా చివరికి సీతారాములు కలుసుకుంటారు. వధను రంగం మీద ప్రత్యక్షంగా చూపకూడదన్న నియమం సంస్కృత లాక్షణికులకు, అంటే నాటక లక్షణాలను నిర్వచించినవారికి, ఉండేది. అయినా భాసుడిదిగా చెప్పే ‘ఊరుభంగం’లో దుర్యోధనుడు మన కళ్లముందే ప్రాణం విడుస్తాడు కాబట్టి, ఆ నియమాన్ని ఇనుప కంచెగా భావించనక్కరలేదు.

పాశ్చాత్యుల ట్రాజెడీని కూడా కేవలం ఏడుపుతో ముగిసే నాటకమనుకోవడం పొరపాటు. అరిస్టాటిల్ దృష్టిలో అందులోని నాయకుడు దుర్మార్గుడు కాడు, పరమ సద్గుణవంతుడూ కాడు. తాను చేసిన ఏదో పొరపాటు వల్ల ఉన్నత స్థితి నుంచి పడిపోతాడు, ఆ పతనం చూసే మనలో జాలినీ భయాన్నీ కలిగిస్తుంది. గ్రీకు నాటకకర్త సోఫోక్లిస్ నాటకంలో ఈడిపస్ రాజు పూర్వపు రాజును చంపినవాడి కోసం పట్టుదలగా వెదికి, ఆ హంతకుడు తానేనని తెలుసుకుంటాడు. ప్రమాదవశాత్తూ లారీ కింద పడి నాయకుడు మరణిస్తే అది దుఃఖకరమే గాని, ఈ అర్థంలో ట్రాజెడీ కాదు.

తెలుగులో ఈ మార్గానికి తొలి ఉదాహరణగా ధర్మవరం రామకృష్ణమాచార్యుల ‘విషాద సారంగధర’ను పేర్కొంటారు. సంప్రదాయ కథలో సిద్ధుడి అనుగ్రహంతో సారంగధరుడికి తెగిన కాలుసేతులు తిరిగి వస్తాయి. తన నాటకంలో ఆ ఓదార్పును తీసివేయడానికి ఆనాడు రచయితకు ఎంత సాహసం కావాలో ఊహించవచ్చు.

ప్రశ్న: నాటిక, ఏకాంకిక ఒకటేనా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: వాడుకలో కలిసిపోయాయి గాని, ఒకటి కావు. సంస్కృతంలో నాటిక నాలుగు అంకాల ఉపరూపకం (రూపకాల తర్వాతి శ్రేణి నాటక భేదం), హర్షుడి ‘రత్నావళి’ అటువంటిదే. నేటి తెలుగు పరిషత్తు పోటీలలో మాత్రం నాటిక అంటే సుమారు గంటలో ముగిసే చిన్న నాటకం. ఏకాంకిక ఒకే అంకంతో పూర్తయ్యే రచన. ఏదైనా నాటకం ఒకే అంకంలో, ఆ వ్యవధిలో ముగిసి ఉంటే రెండు పేర్లూ చెల్లుతాయి.