డాక్టర్ సలహా: కల్చర్ రిపోర్టులో ‘ఆర్’ ఉంటే ఇక మందు లేనట్టేనా?

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మకు 58 ఏళ్లు, పదేళ్లుగా షుగర్ ఉంది. ఈ ఏడాది మూడుసార్లు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చింది. మొదటిసారి సిప్రోఫ్లాక్సాసిన్ వేసుకుంటే రెండు రోజుల్లో తగ్గింది. రెండోసారి అదే చీటీ చూపించి మెడికల్ షాపులో కొన్నాం, తగ్గీ తగ్గనట్టు తగ్గింది. ఈసారి అసలు పనిచేయలేదు. జ్వరం లేదు, మంట మాత్రం ఉంది. కల్చర్‌లో ఈ.కొలై, ఈఎస్‌బీఎల్ పాజిటివ్ అని వచ్చింది. చాలా మందుల ఎదుట ‘ఆర్’ అని, నైట్రోఫ్యురంటాయిన్, ఫాస్ఫోమైసిన్, మెరోపెనమ్‌ల ఎదుట ‘ఎస్’ అని ఉంది. అమ్మ ఒళ్లు మందులకు అలవాటు పడిపోయిందా? ఇంకా పవర్ ఉన్న ఇంజెక్షన్లు వేయించాలా? – ఒక పాఠకురాలు

జవాబు: మీ అమ్మగారి ఒళ్లు ఏ మందుకూ అలవాటు పడలేదు. రిపోర్టులో ‘ఆర్’ అంటే ఆ మందుకు క్రిమి లొంగదని, ‘ఎస్’ అంటే లొంగుతుందని. విజయవాడలో నా దగ్గరకు వచ్చేవారిలోనూ చాలామంది ఇదే మాట అంటారు కాబట్టి ముందుగా దీని సంగతి చెబుతాను. మీ జిల్లాలో పత్తి పండించే రైతునెవరినైనా అడిగి చూడండి. మందు కొట్టినా పురుగు చావకపోతే ‘చేను మందుకు అలవాటు పడింది’ అని ఎవరూ అనరు, ‘పురుగు మందుకు లొంగడం లేదు’ అనే అంటారు. 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో శనగపచ్చ పురుగు పత్తిని తినేసినప్పుడు, అంతకుముందు బాగా పనిచేసిన పైరిత్రాయిడ్ మందులను అది తట్టుకుంటోందని శాస్త్రవేత్తలు పరీక్షించి తేల్చారు. చేనుకు కొట్టేదాన్నీ, మనం మింగేదాన్నీ మనం మందనే పిలుస్తాం. విచిత్రమేమిటంటే, చేను విషయంలో సరిగ్గా అర్థమైన సంగతి ఒంటి దగ్గరకు వచ్చేసరికి తలకిందులవుతోంది.

మరి ఈ తట్టుకునే గుణం క్రిమికి ఎక్కడి నుంచి వస్తుంది? మందు తగిలాక అది నేర్చుకుంటుందా, లేక తట్టుకోగలిగినవి గుంపులో ముందే ఉంటాయా అన్నది ఒకప్పుడు శాస్త్రవేత్తల మధ్య పెద్ద తగవు. 1952లో అమెరికాలో జాషువా, ఎస్తర్ లెడర్‌బర్గ్ దంపతులు దీన్ని ఒక మఖమల్ గుడ్డతో తేల్చడం నాకు ఇప్పటికీ ముచ్చటగా అనిపిస్తుంది. మందు లేని పళ్లెంలో పెరిగిన బ్యాక్టీరియాను ఆ గుడ్డ మీద అద్ది, ముద్ర వేసినట్టుగా స్ట్రెప్టోమైసిన్ అనే బ్యాక్టీరియాను చంపే మందు కలిపిన పళ్లేల మీద ఒత్తారు. ఏ పళ్లెంలో చూసినా బతికినవి అవే చోట్ల కనిపించాయి. తిరిగి మొదటి పళ్లేనికి వెళ్లి ఆ చోట ఉన్న బ్యాక్టీరియాను తీసి పెంచుతూ వెళితే, మందు సోకనైనా సోకని వాటిలోనే దాన్ని తట్టుకునే రకం దొరికింది. మీ రిపోర్టులో పేరున్న ఈ.కొలై అనే బ్యాక్టీరియా, అనుకూలమైన పరిస్థితుల్లో 20 నిమిషాలకోసారి రెండుగా చీలుతుంది. అంత వేగంగా జన్యువులను నకలు తీసుకుంటున్నప్పుడు దొర్లే తప్పుల్లో ఎక్కడో ఒకటి దానికి కలిసొస్తుంది. మందు చేసేదల్లా మిగతావాటిని చంపి, ఆ ఒక్కదానికి చోటు ఖాళీ చేసి ఇవ్వడమే.

కల్చర్ అంటే మూత్రంలోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూడడం. ఆ పళ్లెం చూస్తే ఇది కళ్లకు కడుతుంది. బ్యాక్టీరియా పూసిన పళ్లెంలో మందు అద్దిన చిన్న కాగితపు బిళ్లలు పెడతారు. మర్నాటికి, మందు పనిచేసే బిళ్ల చుట్టూ ఏమీ పెరగని వలయం ఏర్పడుతుంది, దాన్ని స్కేలుతో కొలుస్తారు. పనిచేయని బిళ్లను ఆనుకుని పాలమీగడలా తెల్లగా పెరిగి ఉంటుంది, అదే మీ రిపోర్టులోని ‘ఆర్’. ఒక్కోసారి శుభ్రమైన వలయం లోపల కూడా ఆవగింజలో సగమైనా లేని ఒకటి రెండు చుక్కలు కనిపిస్తాయి. అవి ఆ మందును తట్టుకుని బతికినవి కావచ్చు, అందుకే ఆ చుక్కలను చూస్తే నాకు ఎప్పుడూ బెంగగానే ఉంటుంది.

ఇక పవర్ సంగతి. 2016లో హార్వర్డ్ శాస్త్రవేత్తలు నాలుగు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు ఉన్న పళ్లెంలో అంచుల నుంచి నడిమికి మందు మోతాదును మెట్లుమెట్లుగా పెంచుతూ ఈ.కొలైని వదిలారు. ప్రతి గట్టు దగ్గరా అది కాసేపు ఆగింది, ఎక్కడో ఒక చోట కొత్త మార్పు వచ్చిన క్రిమి గట్టు దాటింది, దాని సంతానం తర్వాతి పట్టీని ఆక్రమించింది. అలా పన్నెండు రోజులు తిరక్కముందే, మొదట్లో దాన్ని ఆపగలిగిన మోతాదుకు వెయ్యి రెట్లున్న నడిమి పట్టీలోకి చేరింది. కాబట్టి ‘ఇంకాస్త పవర్’ అనే ఆలోచన నాకు నచ్చదు. కావలసింది సరైన మందు.

ఈఎస్‌బీఎల్ కథ కొంచెం వేరు. అది సెఫలోస్పోరిన్లు అనే యాంటీబయాటిక్ మందుల అణువును మధ్యలో తెగ్గొట్టే, బ్యాక్టీరియా తయారుచేసుకునే ఎంజైమ్. దాన్ని తయారుచేసే జన్యువు తరచుగా ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయం మీద ఉంటుంది. ఆ వలయాన్ని ఒక బ్యాక్టీరియా పక్కదానికి అందించగలదు, ఒకే వలయం మీద నాలుగైదు మందులను తట్టుకునే జన్యువులు కలిసి ఉండవచ్చు. 1950ల చివర్లో జపాన్‌లో జిగట విరేచనాల క్రిముల మీద పరిశోధన చేసినవారు, పలు మందులను తట్టుకునే గుణం మొత్తంగా మూటగట్టి ఈ.కొలై నుంచి, ఆ విరేచనాలు కలిగించే షిగెల్లా అనే క్రిమికి చేరుతుందని గుర్తించారు. మీ రిపోర్టులో ‘ఆర్’లు వరసగా రావడానికి ఇదొక కారణం కావచ్చు.

తప్పంతా మీరు చూపించిన పాత చీటీదేనని నేను అనను. 2007లో పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్టు పరిశోధకులు ప్రచురించారు. అలాంటి నీటిలో బతికి బట్టకట్టిన క్రిములు ఎక్కడికైనా చేరవచ్చు.

మీ అమ్మగారి విషయానికి వస్తే, జ్వరం లేదన్నారు, చలి, నడుము పక్కల నొప్పి కూడా లేకపోతే ఇది మూత్రాశయానికే పరిమితమైనట్టు అనుకోవచ్చు. అలాంటప్పుడు సాధారణంగా ఇంజెక్షన్ అవసరం రాదు, మెరోపెనమ్ ఇంజెక్షన్‌ను తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ల కోసం వాడకుండా ఉంచుకోవడమే మంచిది. షుగర్ ఉంది కనుక ముందు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించి డాక్టరుకు చూపించండి. మూత్రపిండాలు బాగుంటే నైట్రోఫ్యురంటాయిన్ అన్నంతోపాటు ఐదు నుంచి ఏడు రోజులు, లేదా నీళ్లలో కలిపి తాగే ఫాస్ఫోమైసిన్ పొడి ఇవ్వవచ్చు. నైట్రోఫ్యురంటాయిన్ వాడుతుంటే మూత్రం ముదురు రంగులోకి మారవచ్చు, కంగారు పడకండి. ‘మంట తగ్గిందిగా’ అని మధ్యలో మానకండి, అలాగని చెప్పినదానికంటే ఎక్కువ రోజులు మింగితే మరీ మంచిదనే నమ్మకమూ సరికాదు, ఎందుకంటే ప్రతి అదనపు రోజూ పేగుల్లో ఉన్న క్రిముల మీద కూడా ఆ మందు పడుతుంది. మంట పూర్తిగా తగ్గిపోతే మళ్లీ కల్చర్ చేయించనక్కర్లేదు. లక్షణాలు లేకుండా క్రిములు కనిపించినంత మాత్రాన ఈ వయసులో మందు వాడం.

నెలసరి ఆగిన స్త్రీలలో ఇన్‌ఫెక్షన్ పదేపదే వస్తుంటే యోనిలో రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీము ఉపయోగపడుతుంది. దీని గురించి గైనకాలజిస్టును అడగండి. మళ్లీ మంట మొదలైతే మాత్ర వేసుకోకముందే, మొదటి ధార వదిలేసి మధ్య ధారను సీసాలో పట్టి, రెండు గంటల లోపు ల్యాబ్‌లో ఇవ్వండి. జ్వరంతో వణుకు, వాంతులు, మాట తడబడటం కనిపిస్తే మాత్రం రిపోర్టు కోసం ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఈ పాత రిపోర్టును కూడా వెంట పట్టుకెళ్లండి.