కొండ మీద ఐదు రోజులకు సరే, 25 ఏళ్ళ సభ్యత్వానికి వద్దు

ప్రశ్న: మా వారు బ్యాంకు ఆఫీసరు, వచ్చే ఏప్రిల్‌లో రిటైర్ అవుతున్నారు. ముప్పై ఏళ్ళుగా ఇద్దరం ఎక్కడికీ వెళ్ళింది లేదు. జనవరిలో ముస్సోరీ దగ్గర ఒక స్పా హోటల్లో ఐదు రోజులు ఉండి రావాలని నా కోరిక. ఈలోగా ఒక హాలిడే కంపెనీ వాళ్ళు ఫోన్ చేసి 4.80 లక్షలు కడితే 25 ఏళ్ళపాటు ఏటా ఆరు రాత్రులు కొండ ప్రాంతాల రిసార్టుల్లో ఉండొచ్చన్నారు. ఏటా మెయింటెనెన్స్ 21,000. రిటైర్మెంట్ డబ్బులోంచి తీసి కట్టేయమంటారా? అసలు ఈ వయసులో ఇంత ఖర్చు అవసరమా? – ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: చివరి ప్రశ్నకు ముందు చెబుతాను. వెళ్ళిరండి. మోకాళ్ళు బాగున్నప్పుడే కొండలు చూడాలి. సభ్యత్వం మాత్రం తీసుకోవద్దు.

ఎందుకో లెక్క చూడండి. అరవై నిండాక మీ వారు అదే 4.80 లక్షలు పోస్టాఫీసులోనో బ్యాంకులోనో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేస్తే, ఇప్పుడున్న 8.2 శాతం చొప్పున ఏడాదికి 39,360 వడ్డీ వస్తుంది. సభ్యత్వం తీసుకుంటే ఆ వడ్డీ పోయినట్టే. దానికి మెయింటెనెన్స్ 21,000 కలిపితే 60,360. ఆరు రాత్రులకు పంచితే రాత్రికి 10,060 పడుతుంది. అదీ ఒక్క గదికే. తిండి, మసాజు, విమానం అన్నీ వేరే. జనవరి మధ్యలో ముస్సోరీలో మంచి గదే ఏడు వేలకు దొరుకుతుంటే, పది వేలు ఎందుకు కట్టాలి? పైగా స్కీములో వేసిన అసలు మీకు తిరిగొస్తుంది. సభ్యత్వం సొమ్ము రాదు.

గది అద్దెలు ఏటా పెరుగుతాయి కాబట్టి ఇప్పుడే కొనేసుకోండి అంటారు సేల్స్ వాళ్ళు. మెయింటెనెన్స్ కూడా ఏటా పెరుగుతుందని ఒప్పందంలో ఎక్కడో రాసే ఉంటుంది. మీరు అడిగిన తేదీకి గది ఖాళీ ఉంటుందన్న హామీ కూడా చాలా ఒప్పందాల్లో కనిపించదు. అన్నిటికన్నా ముఖ్యం, పాతికేళ్ళ గడువు ముగిసేసరికి మీ వారికి ఎనభై ఐదు. ఆ వయసులో ఘాట్ రోడ్డు ప్రయాణానికి ఇప్పుడే డబ్బు కట్టడం నాకైతే సబబుగా అనిపించలేదు. ఒకవేళ ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చేసి ఉంటే, ఒప్పందంలో రద్దుకు ఎన్ని రోజుల గడువు ఉందో ఈ రోజే చూసి, రాతపూర్వకంగా మెయిల్ పెట్టండి.

ఇక ప్రయాణం సంగతి. మీ వారికి ఎల్ఎఫ్‌సీ (సెలవుల్లో ఊళ్ళు తిరగడానికి బ్యాంకు తన ఉద్యోగులకు ఇచ్చే ప్రయాణ ఖర్చు) మిగిలి ఉందేమో ముందు బ్యాంకులో కనుక్కోమనండి. రిటైరయ్యేలోపే వాడుకోవాలి. దాని కింద ప్రయాణ ఛార్జీలే వస్తాయి, హోటల్ బిల్లు రాదు. ఆ మొత్తానికి పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది. కొత్త విధానంలో ఉంటే జీతంతో కలిపి లెక్కవేస్తారు.

తేదీల దగ్గరే అసలు ఆదా. క్రిస్మస్ నుంచి జనవరి 1 దాకా రేట్లు మండిపోతాయి. చాలా హోటళ్ళలో 'గాలా డిన్నర్' అని తప్పనిసరి ఛార్జీ కూడా వేస్తారు. సంక్రాంతికి మన వైపు టికెట్ల సంగతి మీకు చెప్పనక్కర్లేదు. పండగ అయ్యాక, జనవరి 26 సెలవు రద్దీ తగలకుండా చూసుకుని, ఆదివారం నుంచి శుక్రవారం దాకా ఉండేలా బుక్ చేయండి. జనవరిలో పొగమంచు వల్ల ఢిల్లీ, డెహ్రాడూన్ విమానాలు గంటల తరబడి ఆలస్యమవుతాయి. అందుకని మొదటి రాత్రిని 'నాన్ రిఫండబుల్' రేటుకు తీసుకోకండి, రెండు వందలు ఎక్కువైనా సరే.

ఇంకో చిన్న కిటుకు ఉంది. గది అద్దె రాత్రికి 7,500 దాకా అయితే జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. అంటే 7,500 గది పన్నుతో 7,875 అవుతుంది, 7,600 గది 8,968 అవుతుంది. అద్దెలో తేడా వంద, బిల్లులో తేడా వెయ్యి పైనే! మీరు నిజంగా కట్టే అద్దె మీదే పన్ను కాబట్టి, హోటల్‌కు నేరుగా ఫోన్ చేసి ఆఫ్ సీజన్ డిస్కౌంట్‌తో 7,500 లోపు ఇమ్మని అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి స్పా సేవల మీద పన్ను 5 శాతానికి తగ్గింది. అయితే ఖరీదైన గదులున్న హోటళ్ళలో భోజనం మీద 18 శాతమే పడుతుంది. అందుకే బ్రేక్‌ఫాస్ట్, రాత్రి భోజనం కలిపిన ప్యాకేజీ రేటు కూడా అడిగి పోల్చుకోండి.

నా అంచనా ఇది: ఐదు రాత్రుల గది 7,000 చొప్పున పన్నుతో 36,750. ఇద్దరికీ చెరో రెండు మసాజులు, ఒక్కోటి మూడు వేల లెక్కన, పన్నుతో 12,600. భోజనాలు రోజుకు మూడు వేలు, పన్నుతో 17,700. ట్యాక్సీలకు పది వేలు. విమానం టికెట్లు కాక మొత్తం 77,050, అంటే ఎనభై వేలు చేతిలో ఉంచుకోండి. ఈ సారికి జీతంలోంచే, నాలుగు నెలలు నెలకు ఇరవై వేలు పక్కన పెడితే చాలు. ఎఫ్‌డీ మధ్యలో తీయడం, కార్డు మీద ఈఎంఐ పెట్టడం వద్దు.

వచ్చే ఏడాది నుంచీ వెళ్ళాలనుకుంటే దారి ఇంకా తేలిక. పైన చెప్పిన సీనియర్ సిటిజన్స్ స్కీములో గరిష్ఠంగా 30 లక్షలు వేయొచ్చు. అంత వేస్తే మూడు నెలలకోసారి 61,500 వస్తుంది. జమయ్యే తేదీల్లో జనవరి 1 ఒకటి. ఇంటి ఖర్చులకు పెన్షన్ సరిపోతుంటే ఆ ఒక్క విడత మీ శీతాకాలం ఖాతాకు వదిలేయండి. అసలు సొమ్ము జోలికి వెళ్ళకండి.

మంచు కచ్చితంగా కావాలనుకుంటే ముస్సోరీని నమ్ముకోకండి, కొన్నేళ్ళు అసలు పడదు. చలి తక్కువగా ఉంటే చాలనుకుంటే రిషీకేశ్ పైన నరేంద్రనగర్ వైపు చూడండి, ఎత్తు తక్కువ కాబట్టి పగలు ఎండ హాయిగా ఉంటుంది. అక్కడ టెహ్రీ రాజుల ప్యాలెస్ ఎస్టేట్‌లో ఉన్న 'ఆనంద' స్పా రిసార్టు మాత్రం మన లెక్కలోకి రాదు, ఒక్క రాత్రికే మీ ఐదు రాత్రుల గది ఖర్చు దాటేస్తుంది.

ఇద్దరిలో ఎవరికైనా బీపీ ఉంటే స్టీమ్ బాత్ గురించి డాక్టర్ని అడిగాకే స్పా ప్యాకేజీ తీసుకోండి. గదిలో హీటర్ ఉచితమా, రోజుకింతా అన్నది కూడా బుకింగ్ మెయిల్లోనే రాయించుకోండి. కొండల్లో చాలాచోట్ల దానికి విడిగా వసూలు చేస్తారు.