ఇంట్లో సోలార్ ప్యానెల్ చేస్తానన్న అబ్బాయికి పెదనాన్న ఉత్తరం

కదిరి

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన మెసేజ్ రెండుసార్లు చదివాను. ఐటీఐ అయిపోయింది, ఇంట్లోనే సోలార్ ప్యానెళ్ళు తయారుచేసి చుట్టుపక్కల ఊళ్ళలో అమ్ముతాను, సెల్స్, అంటే ఎండ పడితే కరెంటు పుట్టించే పలుచని పలకలు, కొనడానికి నలభై వేలు సర్దమని అడిగావు. ఇది ఫోన్లో రెండు మాటలు చెప్పి ముగించే విషయం కాదు. అందుకే రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

ప్యానెల్ చెయ్యి నాయనా. ఒక్కటంటే ఒక్కటి, మొదటి నుంచి చివరిదాకా నీ చేతులతోనే చెయ్యి. కానీ దాన్ని ఎవరికీ అమ్మొద్దు, ఎవరి ఇంటి మీదా పెట్టొద్దు. ఎందుకో చెప్పాలంటే నా సంగతి చెప్పాలి. మీ నాన్నకు కూడా ఇది పూర్తిగా తెలియదు.

2010లో నేను మోటార్ వైండింగ్ షాపు నడిపేవాణ్ణి. అప్పట్లో తయారైన ప్యానెల్ కొనాలంటే వాట్‌కు వంద రూపాయల దాకా పెట్టాల్సి వచ్చేది. అంచులు విరిగిన రెండో రకం సెల్స్ తెప్పించి మనమే అతికిస్తే సగం ధరకే వస్తుందని లెక్క వేశాను. ఆ రోజుకు ఆ లెక్క తప్పు కాదు. వెనక ప్లైవుడ్, ముందు కిటికీ అద్దం, చుట్టూ సిలికాన్ పూసి పద్నాలుగు ప్యానెళ్ళు చేశాను. గొర్రెల దొడ్లకూ, తోటల్లో కాపలా గుడిసెలకూ అమ్మాను. మొదటి ఎండాకాలం అన్నీ బ్రహ్మాండంగా పనిచేశాయి. నాకూ చాలా గర్వంగా అనిపించింది.

రెండో వానాకాలానికి ఒక్కొక్కటీ మూలపడ్డాయి. అద్దం లోపల పొద్దున్నే నీటి ఆవిరి పట్టేది. సెల్స్‌ను కలిపే ట్యాబింగ్ వైరు పచ్చగా చిలుము పట్టింది. మీటరు పెడితే ఇరవై ఒక్క వోల్టులు చూపించిన ప్యానెల్, బల్బు తగిలిస్తే చతికిలబడేది. అంతవరకైతే డబ్బు నష్టమే అనుకునేవాణ్ణి. ఒక ఊళ్ళో పశువుల కొట్టం కప్పు మీద పెట్టిన ప్యానెల్ వెనక ప్లైవుడ్ కాలడం మొదలుపెట్టింది. కప్పు చొప్పది, లోపల రెండు ఆవులు కట్టేసి ఉన్నాయి. పట్టపగలు కాబట్టి పొగ చూసి ఇంటివాళ్ళు నీళ్ళు పోశారు. కబురు తెలిసి నేను వెళ్ళేసరికి ఆ ఇంటి పెద్దాయన నన్ను ఒక్క మాటా అనలేదు, ఆ నల్లబడ్డ చెక్క తెచ్చి నా ముందు పెట్టాడు. పద్నాలుగు మందికీ డబ్బు తిరిగి ఇచ్చేశాను. ఇవ్వడానికి ఏడాదిన్నర పట్టింది.

తప్పు ఎక్కడ జరిగిందో నాకు అర్థమైంది చాలా తర్వాత. ముప్ఫై ఆరు సెల్స్ వరుసగా కలిపినప్పుడు అన్నిటిలోంచీ ఒకే కరెంటు పారాలి. ఒక సెల్ చిట్లినా, దాని మీద నీడ పడినా, మిగతా ముప్ఫై ఐదూ తమ కరెంటును దానిలోంచి తోస్తాయి. ఆ సెల్ కరెంటు పుట్టించడం మానేసి హీటర్‌లా కాలుతుంది. దీన్నే హాట్ స్పాట్ అంటారు. టంకం సరిగ్గా పట్టని చోట కూడా ఇలాగే వేడి పుడుతుంది. వెనక చెక్క ఉంటే ఏమవుతుందో చెప్పాను కదా.

ఫ్యాక్టరీలో ఏం చేస్తారో తెలిస్తే తేడా నీకే కనిపిస్తుంది. 3.2 మిల్లీమీటర్ల టెంపర్డ్ గ్లాస్ మీద ఈవీఏ షీట్ (వేడికి కరిగి జిగురులా పట్టే ప్లాస్టిక్), దానిమీద సెల్స్, మళ్ళీ ఈవీఏ, చివర వెనకవైపు కప్పే బ్యాక్‌షీట్ పరుస్తారు. లామినేటర్‌లో గాలి మొత్తం లాగేసి, 150 డిగ్రీల దగ్గర ఉడికిస్తారు. ఈవీఏ కరిగి అన్నిటినీ ఒకటే పలకగా పట్టేస్తుంది. తేమ లోపలికి చేరాలంటే ఏళ్ళు పడుతుంది. కంటికి కనబడని పగుళ్ళను చీకట్లో ప్రత్యేక కెమెరాతో ఫోటో తీసి పట్టుకుంటారు. నకిలీ ఎండ కింద ప్రతి ప్యానెల్ వాట్లూ కొలుస్తారు. ఇరవై ఐదేళ్ళ గ్యారంటీ ఇంత చేస్తేనే ఇవ్వగలిగేది. సిలికాన్ ట్యూబుతో మనం దానికి సరితూగలేం.

ఇప్పుడు డబ్బు సంగతి. 2010 నాటి లెక్క ఈ రోజు తిరగబడింది. పెద్ద ప్యానెల్ వాట్ ధర అప్పటిదానిలో మూడో వంతు కూడా లేదు. విడిగా సెల్స్, ట్యాబింగ్ వైరు, అద్దం, అల్యూమినియం ఫ్రేము, జంక్షన్ బాక్స్ చిల్లరగా కొనుక్కుంటే తయారైన ప్యానెల్ కంటే నీకే ఎక్కువ పడుతుంది. కొరియర్‌లో విరిగేవి వేరు. వీడియోల్లో ఆదా అని చూపించేవాళ్ళు టెంపర్డ్ గ్లాసు ఖర్చూ, వాళ్ళ కూలీ కలపరు.

చట్టం కూడా ఉంది. అమ్మే ప్యానెల్‌కు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని 2017లోనే కేంద్రం ఆదేశం ఇచ్చింది. సర్కారు సబ్సిడీ పథకాల్లో వాడాలంటే ఏఎల్ఎంఎం అనే ఆమోదిత జాబితాలో ఆ తయారీదారు ఉండాలి. ఇళ్ళ డాబాల మీద సోలార్ పెట్టుకోడానికి 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000, మూడోదానికి 18,000, మొత్తం మీద 78,000 రూపాయల దాకా ఇంటివాళ్ళ బ్యాంకు ఖాతాలో పడుతుంది. మన దేశంలో చేసిన సెల్స్‌తో మన దేశంలోనే చేసిన ప్యానెళ్ళు, రిజిస్టర్ అయిన వెండర్ బిగిస్తేనే ఆ డబ్బు. నీ ప్యానెల్ కొనమంటే పక్కింటాయన్ని 78,000 వదులుకోమన్నట్టే కదా.

ఇంతా చెప్పి ఒక్కటి చెయ్యమని ఎందుకంటున్నానంటావా? ప్యానెల్ లోపల ఏముందో చేత్తో పట్టుకుని చూసినవాడికీ, చూడనివాడికీ రిపేరులో తేడా తెలిసిపోతుంది. బిగించేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఒక ఇంట్లో యూనిట్లు ఎందుకు తగ్గాయో కనిపెట్టగలిగేవాళ్ళు తక్కువ.

నలభై సెల్స్ తెచ్చుకో, నాలుగు విరిగినా ముప్ఫై ఆరు మిగులుతాయి. ఒక్కోటీ అర వోల్టు పైచిలుకు ఇస్తుంది, ముప్ఫై ఆరు కలిపితే ఎండలో 20 నుంచి 22 వోల్టులు రావాలి. సెల్ మందం మిల్లీమీటరులో ఐదో వంతు కూడా ఉండదు, అప్పడం కంటే సున్నితం. రెండు అరచేతుల మీద ఆనించి ఎత్తు, అంచు పట్టుకుని లేపకు. పాత రకం నీలం సెల్స్‌లో పైవైపు నెగెటివ్, అడుగువైపు పాజిటివ్. కొత్త ఎన్-టైప్ రకాల్లో ఇది తారుమారు ఉంటుంది కాబట్టి టంకం పెట్టే ముందు మీటరు పెట్టి చూడు. ట్యాబింగ్ వైరు సెల్ పొడవుకు రెండింతలు ఉండాలి. ఒక సెల్ పైనుంచి పక్క సెల్ అడుగుకు పోతుంది కాబట్టి. టంకం బాగా పట్టేలా ఫ్లక్స్ పెన్ రాసి, సోల్డరింగ్ ఐరన్ చదును మొనతో రెండు మూడు సెకన్లలో లాగెయ్యి. నొక్కితే చిట్లుతుంది, ఎక్కువసేపు ఉంచితే సెల్ మీద ఉండే వెండి గీత ఊడుతుంది. సెల్‌కూ సెల్‌కూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు వదిలి, అక్కడ వైరును కొంచెం వంచు. పగలు వేడికి సాగి, రాత్రి చలికి కుంచించుకుపోయేటప్పుడు ఆ వంపే టంకాన్ని కాపాడుతుంది. నేను ఆ వంపు పెట్టలేదు. మా ప్యానెళ్ళలో టంకాలు ఊడడానికి అదో కారణం.

చెక్క వద్దు, యాక్రిలిక్ షీటు వద్దు, ఫైబర్ రెజిన్ అసలే వద్దు, ఎండకు పసుపెక్కుతుంది. అల్యూమినియం ఫ్రేము, టెంపర్డ్ గ్లాసు వాడు. అంతా అయ్యాక మా మేడ మీద మధ్యాహ్నం ఆంప్స్ కొలుద్దాం. మీటరు పది ఆంప్స్ సాకెట్‌లో పెట్టి, నాలుగైదు సెకన్లు మాత్రమే చూడాలి. ఆ సమయంలో ఒక సెల్‌ను నీ అరచేత్తో ఒక్క క్షణం మూసి చూడు. ముప్ఫై ఆరింటిలో ఒకటి మూస్తే ఆంప్స్ ఎంత పడిపోతాయో కళ్ళారా చూశావంటే, రేపు ఎవరి డాబా మీదికి ఎక్కినా ముందు వాటర్ ట్యాంకు నీడ ఎటు పడుతుందో నీ చూపు దానంతట అదే వెతుకుతుంది.

ఎండకు వేడెక్కాక వాట్లు ఎంత తగ్గుతాయో కూడా అప్పుడే కొలిచి చూడు. ప్యానెల్ మీద రాసే వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. మన ఎండల్లో సెల్ 65 డిగ్రీలు సులభంగా దాటుతుంది. ప్రతి డిగ్రీకీ దాదాపు 0.4 శాతం పోతుంది, అంటే నూరు వాట్లది 84 దగ్గర నిలబడుతుంది. ఈ మాట అమ్మే రోజే చెప్పినవాణ్ణి జనం నమ్ముతారు.

మరి దేనిమీద బతకాలి అంటావా, పని మీద బతకొచ్చు. సూర్యఘర్ కింద డాబాల మీద ప్యానెళ్ళు ఎక్కుతూనే ఉన్నాయి. వాటిని కడిగేవాళ్ళు, చూసేవాళ్ళు కావాలి. మన బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ. మధ్యాహ్నం వేడి అద్దం మీద పోస్తే తెల్లటి మరక పడి వదలదు. తెల్లవారుజామున, మెత్తటి బ్రష్షుతో కడిగి ఇస్తే నెలనెలా పిలుస్తారు. కడుగుతూ కనెక్టర్ వదులైందా, ఎర్తింగ్ తెగిందా చూడు, అక్కడే నీకు రెండో పని దొరుకుతుంది. పంచాయతీల్లో సోలార్ వీధి దీపాలు చాలాచోట్ల బ్యాటరీ పోయి వెలగడం లేదు, వాటి రిపేరు నేర్చుకో. తయారైన చిన్న ప్యానెల్, బ్యాటరీ చార్జింగును అదుపు చేసే చార్జ్ కంట్రోలర్, బ్యాటరీ, రెండు బల్బులు కలిపి దొడ్లకూ టిఫిన్ బండ్లకూ బిగించి ఇవ్వొచ్చు. అందులో అందరూ చేసే పొరపాటు, నలభై వోల్టుల పెద్ద ప్యానెల్‌ను వోల్టులను మార్చలేని మామూలు పీడబ్ల్యూఎం కంట్రోలర్‌తో 12 వోల్టుల బ్యాటరీకి తగిలించడం. సగం పైన కరెంటు వృథా పోతుంది. దానికి ఎక్కువ వోల్టులను బ్యాటరీకి తగ్గట్టు మార్చే ఎంపీపీటీ కంట్రోలర్ పెట్టాలి.

అడవి పందుల బాధతో శనక్కాయ పొలానికి సోలార్ కంచె అడుగుతారు. దానికి తగిన ఎనర్జైజర్, అంటే కంచెలోకి క్షణకాలం మాత్రమే షాక్ వదిలే పెట్టె, పెట్టు. లైనులోంచి నేరుగా కంచెకు కరెంటు ఇమ్మని ఎంత డబ్బు చూపినా చెయ్యొద్దు. అలాంటి కంచెలకు మనుషులు చనిపోయారు.

డాబా సిస్టమ్ పనికి ఒక్కడివే వెళ్ళొద్దు. అక్కడ డీసీ మూడు నాలుగు వందల వోల్టులు ఉంటుంది. ఇంటి కరెంటులా కాదు, డీసీ ఆర్క్ లేచిందంటే దానంతట ఆరదు. ఎండ ఉన్నంతసేపూ ప్యానెల్ బతికే ఉంటుంది, స్విచ్ తీసినా అంతే. రెండేళ్ళు మంచి వెండర్ దగ్గర చెయ్యి. అంతకుముందు సోలార్ పని నేర్పే సూర్యమిత్ర శిక్షణకు దరఖాస్తు పెట్టు. 2015లో మొదలైంది, జాతీయ సౌరశక్తి సంస్థ నడుపుతుంది, ఐటీఐ ఎలక్ట్రీషియన్లను తీసుకుంటారు. బ్యాచ్ ఎక్కడ ఎప్పుడు మొదలవుతుందో మన రాష్ట్ర సోలార్ పనులు చూసే సర్కారు సంస్థ నెడ్‌క్యాప్ ఆఫీసులో అడుగు.

ప్యానెల్ తయారీనే చెయ్యాలని మనసులో ఉంటే దానికీ దారి ఉంది. రాజస్థాన్ డుంగర్‌పూర్‌లో ఆదివాసీ మహిళలు ఐఐటీ బాంబే తోడ్పాటుతో మొదట సోలార్ ల్యాంపులు బిగించి అమ్మారు, రిపేర్లు చేశారు. పని వచ్చాక, అందరూ కలిసి ప్యానెల్ ఫ్యాక్టరీ పెట్టుకున్నారు, లామినేటర్‌తో సహా. వాళ్ళు వెళ్ళిన వరుస గమనించు.

డబ్బు విషయం. నలభై వేలూ సెల్స్‌కు ఇవ్వను. ఒక ప్యానెల్‌కు కావలసిన సామాను నేనే తెప్పిస్తాను. మిగతాది మంచి క్లాంప్ మీటరు, ప్యానెల్ వైర్లకు కనెక్టర్లు బిగించే ఎంసీ4 క్రింపింగ్ టూల్, సేఫ్టీ బెల్టు, ఇన్సులేటెడ్ గ్లవ్స్‌కు. డీసీ ఆంప్స్ కొలిచే క్లాంప్ మీటరు అని అడిగి కొను, మామూలుది ఏసీ ఒక్కటే చూపిస్తుంది. శిక్షణకు ఊరు మారాల్సి వస్తే ఆ ఖర్చు నాది, తిరిగి ఇవ్వక్కర్లేదు.

ఆదివారం పొద్దున బస్సుకు రా. ఆ నల్లబడ్డ చెక్క ఇంకా నా దగ్గరే ఉంది. టంకం మొదలుపెట్టే ముందు నీకు చూపిస్తాను.

నీ పెదనాన్న