ఉగ్గుగిన్నెకు బదులు

ప్రశ్న: ఆఫీసులో నా తోటి ఉద్యోగికి ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజున తొట్టెల్లో వేస్తున్నారు. ఐదుగురం కలిసి మూడు వేలు పోగుచేశాం. కలకాలం దాచుకునే కానుక ఏమివ్వాలి?
– ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: గౌను మాత్రం వద్దమ్మా, మూడు నెలల్లో పొట్టవుతుంది. వెండి ఉగ్గుగిన్నె ఎవరికైనా తోస్తుంది. నాది అంచు సొట్టతో ఇంకా బీరువాలో ఉంది. కానీ ఇవాళ్టి ధరకు మీ డబ్బుతో వచ్చే గిన్నె వేలితో నొక్కితే వంగుతుంది.

పోచంపల్లి, పుట్టపాక మీకు దగ్గరే. (యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వెళ్లినా నా నోట ఇంకా నల్గొండే.) పాపను చుట్టడానికి సరిపోయే మెత్తటి నూలు ఇక్కత్ గుడ్డ కొనండి. నేయకముందే నూలుకు చిటికి కట్టి (అంటే రంగు అంటకూడని చోట దారంతో బిగించి) రంగులద్దుతారు కాబట్టి గుడ్డ తిరగేసినా బొమ్మ అంతే ముదురుగా, అంచులు కాస్త చెదిరినట్టు కనిపిస్తుంది. వెనుక వెలిసినట్టుంటే అది అచ్చు గుద్దిన గుడ్డ, వదిలేయండి. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన పుట్టపాక తేలియా రుమాలు ఇంకా మంచిది. ఆముదపు కాయల బూడిద, నూనె పట్టించిన నూలుతో నేస్తారు, కొత్తలో ఆ వాసన కూడా తెలుస్తుంది. అసలైనది మీ మూడు వేలలో దొరకడం కష్టమే.

ఏది కొన్నా చన్నీళ్లలో రెండుసార్లు జాడించి నీడన ఆరేయండి. కొత్త మడత పోతే పోనివ్వండి, గంజి పసిదాని ఒంటికి గుచ్చుకుంటుంది. పేరు ముందే కుట్టించకండి. తొట్టెల నాడు విన్నాక, మీలో సూది పట్టడం వచ్చినవారు ఓ మూలన కుట్టి ఇవ్వండి.