పది రోజుల్లో ఏడు రాజధానులా?

చిన్నీ,

నువ్వు పంపిన ప్లాన్ చూశాను. సోఫియా (బల్గేరియా), స్కోప్యే (ఉత్తర మాసిడోనియా), ప్రిష్టినా (కొసావో), టిరానా (అల్బేనియా), పోడ్గోరిట్సా (మాంటెనెగ్రో), సరయేవో (బోస్నియా), బెల్‌గ్రేడ్ (సెర్బియా). మీ పెద్దనాన్నకు చదివి వినిపిస్తే, "విహారయాత్రకా వెళ్తున్నారు, ఎన్నికల ప్రచారానికా?" అన్నారు. నిరుడు మేలో మేము ఆ దారిలోనే తిరిగొచ్చాం కాబట్టి మొహమాటం లేకుండా చెప్తున్నాను, పది రోజుల్లో ఇది కుదరదు. మీ ఇద్దరే అయితే పడుతూ లేస్తూ ఎలాగో కానిచ్చేస్తారు. మీ అత్తగారు కూడా వస్తున్నారు కదా.

మ్యాపులో ఊళ్లన్నీ పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి. సోఫియా నుంచి స్కోప్యే సుమారు 240 కిలోమీటర్లు, హైదరాబాద్ నుంచి విజయవాడ కంటే తక్కువే. రైలు లేదు, బస్సుకి ఐదు గంటలు. అంతా కొండలే మరి. ఈ దేశాలను బాల్కన్ దేశాలంటారు, ఆ బాల్కన్ అన్న మాటకే టర్కీ భాషలో అడవి కొండల వరస అని అర్థం. పైగా ప్రతి రెండు ఊళ్ల మధ్యా ఒక సరిహద్దు, దాని దగ్గర బస్సు రెండుసార్లు ఆగాలి, ఒక దేశం వదిలినందుకు, ఇంకో దేశంలోకి వచ్చినందుకు. అక్కడివాళ్లు కార్డు చూపించి నిమిషంలో బయటపడతారు. మన నీలం పాస్‌పోర్టు వచ్చేసరికి ఆఫీసరు వీసా పేజీ వెతికి, వెలుతురుకి ఎత్తి చూసి, ఎవరికో ఫోన్ చేస్తాడు. బస్సంతా మనవైపే చూస్తూ ఉంటుంది. మాకు ఏ సరిహద్దులోనూ ఇబ్బంది పెట్టలేదు కానీ, ఆ పది నిమిషాలు టెన్షన్ తప్పలేదు. జులై, ఆగస్టుల్లో మాత్రం అసలు వెళ్లకండి. జర్మనీ, ఆస్ట్రియాల్లో పనిచేసేవాళ్లంతా కార్లలో సొంతూళ్లకు వస్తారు. అప్పుడు సరిహద్దులు సంక్రాంతికి పంతంగి టోల్‌గేటులాగే ఉంటాయి. టిరానా, పోడ్గోరిట్సాల్లో ఎండ కూడా మన గుంటూరును మరిపిస్తుంది. మే గానీ, సెప్టెంబరు చివర గానీ పెట్టుకోండి.

అన్నిటికంటే ముందు వీసా. ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాల గుంపును షెంజెన్ అంటారు. మీ జాబితాలో షెంజెన్ దేశం ఒక్క బల్గేరియానే, కాబట్టి వాళ్లకే అప్లై చెయ్యాలి. చేతిలో మల్టిపుల్ ఎంట్రీ షెంజెన్ వీసా ఉంటే మిగతా దేశాలు విడిగా వీసా అడగకుండా కొన్నాళ్లు ఉండనిస్తున్నాయి. అల్బేనియా అయితే ఆ వీసా అప్పటికే ఒకసారి వాడి ఉండాలంటుంది. అందుకే ముందు సోఫియాలో దిగమంటున్నాను. సింగిల్ ఎంట్రీ ఇచ్చారంటే ప్లానంతా తలకిందులే. మొత్తం ప్రయాణం వివరంగా రాసి, మల్టిపుల్ ఎంట్రీ, బెల్‌గ్రేడ్‌లో విమానం ఎక్కేదాకా చెల్లుబాటు కావాలని కవరింగ్ లెటర్లోనే అడగండి. వీసా స్టాంపు పడేదాకా డబ్బు తిరిగిరాని హోటల్ ఏదీ బుక్ చెయ్యొద్దు. ఈ రూల్స్ మారుతూ ఉంటాయి, బయల్దేరే ముందు ప్రతి దేశం ఎంబసీ సైటూ ఒకసారి చూసుకో. సెర్బియా 2022 చివరిదాకా మనవాళ్లను వీసా లేకుండానే రానిచ్చేది, 2023 జనవరి 1 నుంచి ఆపేసింది. పాత వీడియోలు చూసి మోసపోకు. ఇన్సూరెన్సు కూడా షెంజెన్‌కి మాత్రమే పనికొచ్చేది కాకుండా, ఈ దేశాలన్నీ పేర్లతో ఉన్న పాలసీ తీసుకో. సిమ్ సంగతీ అంతే. యూరప్ ప్యాక్ అని అమ్మేవాటిలో చాలావాటికి బోస్నియా, మాంటెనెగ్రో రావు.

ఇక ప్రిష్టినా కొట్టెయ్. స్కోప్యే నుంచి రెండు గంటల దారే, నాకూ మనసు లాగింది. కానీ కొసావో 2008లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్నా సెర్బియా ఒప్పుకోదు, మన దేశమూ గుర్తించలేదు. అక్కడ మన ఎంబసీ లేదు. సెర్బియాలో అడుగుపెట్టకుండా నేరుగా కొసావోలోకి వెళ్లి, అక్కణ్నించి సెర్బియాకి వస్తే, దొంగదారిన వచ్చినట్టు లెక్కగడతారు. పెద్దావిణ్ని వెంటబెట్టుకుని ఆ చిక్కులెందుకు?

నేనైతే పధ్నాలుగు రోజులు తీసుకుని ఇలా వెళ్తాను. సోఫియాలో రెండు రాత్రులు, స్కోప్యేలో రెండు, ఓహ్రిడ్‌లో ఒకటి, టిరానాలో రెండు, పోడ్గోరిట్సాలో ఒకటి, సరయేవోలో మూడు, బెల్‌గ్రేడ్‌లో రెండు. ఓహ్రిడ్ రాజధాని కాదని అల్లుడు పేచీ పెడతాడేమో. స్కోప్యే, టిరానాల మధ్య దారిలో పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న ఊరు అది. ఒకే రోజు ఏడెనిమిది గంటలు బస్సులో కూర్చుంటే వదినగారి మోకాళ్లు పట్టేస్తాయి. అక్కడ ఒక రాత్రి ఆగితే ప్రయాణం రెండు ముక్కలవుతుంది. సాయంత్రం గట్టున కూర్చుంటే చాలు.

సోఫియాలో నవ్వొచ్చే సంగతి ఒకటుంది. అక్కడ అవునంటే తల అడ్డంగా ఊపుతారు, కాదంటే నిలువుగా ఆడిస్తారు. బస్‌స్టాండు కౌంటర్లో "స్కోప్యేకి ఇదేనా?" అని అడిగితే ఆవిడ చక్కగా తల పైకీ కిందికీ ఆడించింది. నేను సంతోషంగా వెళ్లి వేరే క్యూలో నిలబడ్డాను. మన తెలుగువాళ్లం అటూ ఇటూ కాకుండా తల తిప్పుతామే, దానికి వాళ్లేమనుకున్నారో దేవుడికే తెలియాలి. నోటితో అడగండి, 'దా' అంటే అవును, 'నే' అంటే కాదు. బయల్దేరేలోగా అక్కడి బోర్డుల మీద ఉండే సిరిలిక్ అక్షరాలు కూడా ఓ పూట కూర్చుని నేర్చేసుకో. పి లాగా ఉన్నది ర, సి లాగా ఉన్నది స, హెచ్ లాగా ఉన్నది న, బి లాగా ఉన్నది వ. మీ పెద్దనాన్న రెండు రోజులు 'పెక్టోపాహ్ట్' ఎక్కడ చూసినా ఉంది, పెద్ద కంపెనీలా ఉందే అనుకున్నారు. అది రెస్టారెంటు.

స్కోప్యేలో విగ్రహాలు మరీ ఎక్కువ, వాటి ముందు ఫొటోలతో టైమ్ పోగొట్టుకోవద్దు. పాత రైల్వేస్టేషన్ గోడ మీద గడియారం చూడండి. 1963 జులై 26న భూకంపం వచ్చినప్పుడు 5:17 దగ్గర ఆగిపోయింది, అలాగే ఉంచేశారు. దానికి కాస్త దూరంలోనే మదర్ థెరీసా స్మారక గృహం. ఆవిడ పుట్టింది ఈ ఊళ్లోనే, 1910లో. పద్ధెనిమిదేళ్లకు ఇల్లు విడిచి వెళ్లాక తల్లిని మళ్లీ చూడలేదు. తల్లీ అక్కా తర్వాత టిరానాకు మారిపోయారు. అప్పటి అల్బేనియా కమ్యూనిస్టు నియంత ఎన్వర్ హోజా ప్రభుత్వం వీళ్లను బయటికి పంపలేదు, ఆవిణ్ని లోపలికి రానివ్వలేదు. తల్లి 1972లో పోయింది, కూతురు ఆ సమాధి దగ్గరికి వెళ్లగలిగింది 1989లో. ఇప్పుడు టిరానా విమానాశ్రయానికి ఆవిడ పేరే. స్కోప్యే చూసిన తర్వాత టిరానా చూస్తే ఈ కథ దానంతటదే పూర్తవుతుంది, ఈ వరస మార్చకు.

టిరానాలో హోజా కాలపు బంకర్లను మ్యూజియాలుగా మార్చారు. ఊరి మధ్యలో ఉన్న బంక్‌ఆర్ట్ 2 చాలు. లోపల గాలి తక్కువ, చూపించేవీ మనసును కలచివేసేవే, వదినగారిని బయట కాఫీ దగ్గర కూర్చోబెట్టండి. పోడ్గోరిట్సా గురించి చెప్పడానికి పెద్దగా లేదు. రెండో ప్రపంచయుద్ధం బాంబులకు పాత ఊరు చాలావరకు పోయింది. పడుకుని, పొద్దున్నే సరయేవో బస్సెక్కండి. ఆ దారిలో మాత్రం నిద్రపోకండి. పీవా లోయలో కొండలు తొలిచిన సొరంగాల్లోంచి బస్సు బయటికొచ్చినప్పుడల్లా కింద ఆకుపచ్చటి నీళ్లు కనిపించి మాయమవుతుంటాయి.

సరయేవోకి మూడు రాత్రులు ఎందుకని అడుగుతావు. 1914లో ఆస్ట్రియా యువరాజైన ఆర్చ్‌డ్యూక్‌ను కాల్చిన చోటు లాటిన్ వంతెన దగ్గర, అది పది నిమిషాల పని. అసలు చూడాల్సింది 1992 నుంచి 1996 దాకా 1,425 రోజులు యుద్ధంలో సెర్బు సేనల ముట్టడిలో బతికిన ఊరిని. అప్పుడు రాకపోకల కోసం విమానాశ్రయం కింద తవ్విన సొరంగంలో ఇప్పుడు కొద్దిపాటి ముక్కే నడవనిస్తారు, నేనే వంగి నడవాల్సి వచ్చింది. ఊళ్లో పేవ్‌మెంట్ మీద అక్కడక్కడా ఎర్ర రంగు పోసిన గుంటలుంటాయి, మందుగుండు పడి మనుషులు పోయిన చోట్లు అవి. సరయేవో గులాబీలంటారు. తెలియక ఒకదాని మీద కాలుపెట్టి, తెలిశాక చాలాసేపు మాట్లాడలేకపోయాను.

ఆ మర్నాడు బష్చార్షియాలో, అదే పాత బజారులో, కాఫీకి కూర్చున్నాం. రాగి పళ్లెంలో పొడుగు పిడి ఉన్న చిన్న రాగి గిన్నె, పిడిలేని బుల్లి కప్పు, రెండు చక్కెర బిళ్లలు, లోకుమ్ అనే మిఠాయి ముక్క ఒకటి పెట్టి తెచ్చాడు. నేను మన అలవాటు కొద్దీ చక్కెర వేసి గరగరా కలిపేశాను. పక్క బల్ల దగ్గరి పెద్దాయన లేచొచ్చి, నా చేతిలోంచి చెంచా తీసేసుకుని, చేసి చూపించాడు. పైన నురగ కొంచెం కప్పులోకి తియ్యాలి, నెమ్మదిగా కాఫీ పొయ్యాలి, చక్కెర బిళ్ల అంచు ముంచి కొరికి, దాని మీద గుక్క తాగాలి. అడుగున మడ్డి వదిలెయ్యాలి. మన మొదటి డికాషనంత ఘాటు. ఆ గిన్నెను జెజ్వా అంటారు. రాగి పనివాళ్ల సందులో సుత్తి చప్పుళ్ల మధ్య ఒకటి కొన్నాను, అది కొనడానికి ఇంకో కారణమూ ఉంది. బోస్నియా మార్కులు ఆ దేశం దాటాక ఎవరూ మార్చరు. మాసిడోనియా దేనార్లూ అంతే, పేరు దగ్గరగా ఉంది కదా అని సెర్బియా దీనార్ల దగ్గర చెల్లవు. దేశం మారేముందు చిల్లర ఖర్చుపెట్టేసెయ్. సోఫియాలో 2026 జనవరి 1 నుంచి యూరోలే, పోడ్గోరిట్సాలోనూ యూరోలే.

సరయేవో నుంచి బెల్‌గ్రేడ్ బస్సు దగ్గర మేం బోల్తాపడ్డాం. రైల్వేస్టేషన్ పక్కనున్న పెద్ద బస్‌స్టాండులో గంటముందే వెళ్లి కూర్చున్నాం. టికెట్ మీద 'ఇస్తోచ్నో సరయేవో' అని ఉంది, ఊరి పేరే కదా అనుకున్నాం. ఇస్తోచ్నో అంటే తూర్పు. ఆ యుద్ధాన్ని ఆపిన 1995 ఒప్పందం బోస్నియాను రెండు భాగాలు చేసింది, బెల్‌గ్రేడ్ బస్సులు ఎక్కువగా ఆ రెండో భాగంలో ఉన్న బస్‌స్టాండు నుంచే బయల్దేరతాయి. టాక్సీ దొరికింది కాబట్టి సరిపోయింది. ఇంకోటి, అక్కడి చాలా బస్‌స్టాండుల్లో బస్సు దగ్గరికి వెళ్లడానికి ప్లాట్‌ఫాం చీటీ ఉండాలి, కింద పెట్టే పెట్టెకు డ్రైవరు వేరే డబ్బులు తీసుకుంటాడు. చిల్లర నాణేలు జేబులో ఉంచుకోండి.

బెల్‌గ్రేడ్‌లో 2025 నుంచి సిటీ బస్సులు, ట్రాములు ఫ్రీ. సావా, డాన్యూబ్ కలిసేచోట కలేమెగ్దాన్ కోట, సూర్యాస్తమయానికి అక్కడుండండి. 1961లో అలీన దేశాల తొలి సదస్సు ఈ ఊళ్లోనే జరిగింది, నెహ్రూ వచ్చారు. కొత్త బెల్‌గ్రేడ్‌లో ఆయన పేరుతో ఒకటి, గాంధీ పేరుతో ఒకటి వీధులున్నాయి. మీ పెద్దనాన్న గాంధీ వీధి బోర్డు కింద ఫొటో దిగాలని మారాం చేసి, గంట నడిపించారు.

వదినగారి తిండి గురించి భయపడకు. ఆర్థొడాక్స్ క్రైస్తవులకు ఉపవాస రోజులు చాలా ఉంటాయి. ఆ వంటని సెర్బియా, మాసిడోనియాల్లో 'పోస్నో' అంటారు. మాంసం, గుడ్డు, పాలు ఏవీ ఉండవు. చేప మాత్రం ఉండొచ్చు, అదొక్కటి అడగాలి. స్కోప్యేలో మట్టిమూకుడులో కాల్చిన చిక్కుడు గింజలు, తవ్చే గ్రావ్చే, ఆవిడకు బాగా నచ్చుతుంది. సరయేవోలో బురెక్ అంటే మాంసం పెట్టిందే. జున్నుదైతే సిర్నిట్సా, పాలకూరదైతే జెల్యానిట్సా, బంగాళాదుంపదైతే క్రొంపిరుషా అని పేరు పెట్టి అడగాలి. బెల్‌గ్రేడ్‌కి వెళ్తే జున్నుదాన్నీ బురెక్ అనే అంటారు, అక్కడ ఏం పెట్టారో అడిగి కొనండి. అన్నం మీద బెంగొస్తే ఐవార్ ఉంది. ఎర్ర క్యాప్సికంలను నిప్పుల మీద కాల్చి, తొక్క తీసి, నూనెలో మగ్గించి చేస్తారు. మన కాల్చిన వంకాయ పచ్చడికి అక్కే. ఇక్కణ్నించి ఒక చిన్న కుక్కరు, కేజీ బియ్యం తీసుకెళ్తే సరిపోతుంది.

నాక్కూడా ఐవార్ రెండు సీసాలు తే, కారం ఉన్నది. పెద్ద పెట్టెలో బట్టల మధ్య పెట్టు. నేను చేతిసంచిలో పెట్టుకుంటే సెక్యూరిటీ దగ్గర తీసేశారు.

మీ పెద్దమ్మ