అంత చిన్న ఎల్‌ఎస్3/5ఏ స్పీకర్లకి ఇప్పుడు అంత ధర పెట్టొచ్చా?

బీబీసీ వాళ్ళ పాత డిజైన్‌ని మళ్ళీ తయారుచేసి జత రెండు వేల పౌండ్ల పైనే అమ్ముతున్నారు, చూస్తే అడుగు ఎత్తు పెట్టె, బేస్ కూడా లేదంటున్నారు, ఇది పాత పేరు చెప్పుకుని అమ్ముకోవడం కాదా అని అడిగారు. కాదండి. నేను విన్నాను కాబట్టి గట్టిగానే చెప్తున్నా.

ఇంగ్లండ్‌లో మేం అద్దెకున్న ఇంటి ఓనరు రిటైరయిన పెద్దాయన, ఆయన హాల్లో రోజర్స్ కంపెనీ చేసిన పాత ఎల్‌ఎస్3/5ఏ జత ఉండేది. ఓసారి మాటల్లో మా నాన్న పద్యనాటకాల్లో వేషం కట్టేవారని చెప్తే, రికార్డింగ్ ఉంటే పట్రా అన్నారు. మా వరండాలో ఎప్పుడో తీసిన క్యాసెట్‌ని ఫోన్లోకి ఎక్కించుకుని ఉన్నా, అది పెట్టాం. కార్లో, సౌండ్‌బార్ మీద చాలాసార్లు విన్నదే, అక్కడ గొంతు ఎప్పుడూ మూసుకుపోయినట్టే ఉండేది. ఇక్కడ హార్మోనియం తిత్తిలో గాలి ఆడటం, పద్యం ఎత్తుకునే ముందు నాన్న ఊపిరి పీల్చడం, రాగం తీసేటప్పుడు మైకుకి కాస్త వెనక్కి జరగడం, అన్నీ తెలిసిపోతున్నాయి, శ, ష, స మూడూ దేనికది విడిగా వినపడుతోంది. మా ఆవిడ ఆయన పాడగా ఎప్పుడూ విన్లేదు, "మామయ్యగారికి అప్పుడు జలుబు చేసిందా?" అంది. అమ్మకి ఫోన్ చేసి అడిగితే "అవున్రా, గొంతు బాలేదు రేపు చేద్దామంటే వింటేనా!" అంది.

ఆ పెట్టె పుట్టిందే ఈ పనికండి. బయటి ప్రసారాలకి వెళ్ళే వ్యాన్లలో పెద్ద మానిటర్ స్పీకర్లకి చోటుండదు, హెడ్‌ఫోన్ పెట్టుకుని గొంతు బ్యాలెన్స్ చూడటం కుదరదు, అందుకని చేశారు. దానికి మూలం, స్టూడియోల చిన్న నమూనాలు కట్టి శబ్దం ఎలా తిరుగుతుందో చూసే ప్రయోగాల కోసం చేసిన బుల్లి స్పీకరు, దాన్నుంచి ఎల్‌ఎస్3/5 వచ్చింది, కొన్ని చేసేలోపే లోపలుండే కెఫ్ కంపెనీ డ్రైవర్లలో (శబ్దం పుట్టించే భాగాలు) మార్పులొచ్చి, పై శబ్దాన్ని కింది శబ్దాన్ని విడదీసి వాటికి పంపే క్రాసోవర్ మళ్ళీ డిజైన్ చేయాల్సొచ్చింది, అలా పేరు చివర్న 'ఏ' అక్షరం చేరింది. దీని డిజైన్ గురించి హార్వుడ్, వాటన్, మిల్స్ అనేవాళ్ళు కలిసి రాసిన బీబీసీ రిపోర్టు 1976ది. ముందు గుడ్డ గ్రిల్ ఊడదీస్తే ట్వీటర్ (సన్నటి పై శబ్దాలు పలికించే డ్రైవర్) చుట్టూ మందపాటి ఫెల్ట్ పట్టీలు కనపడతాయి, పెట్టె అంచులకి తగిలి శబ్దం చెదరకుండా. పెట్టె సన్నటి బర్చ్ ప్లైవుడ్, లోపల అది అదరకుండా డ్యాంపింగ్ ప్యాడ్లు. అంత చిన్న పెట్టెలోంచి లోతైన బేస్ రాదు, అది నిజమే, కానీ 100 హెర్ట్జ్ పైన శబ్దం కాస్త ఉబ్బేలా చేశారు, దాంతో మగ గొంతుకి ఛాతీ బరువు వస్తుంది.

ఇక మళ్ళీ తయారీ సంగతి. 1990ల చివర్లో కెఫ్ ఆ డ్రైవర్లు ఆపేసింది, దాంతో పాత పద్ధతిలో చేయడానికి వీల్లేకుండా పోయింది. స్టర్లింగ్ అనే కంపెనీ వాళ్ళు వేరే డ్రైవర్లతో ఒక రూపం తెచ్చారు, బాగానే ఉంటుంది. కానీ ఫాల్కన్ వాళ్ళది నాకు అసలైన పునర్జన్మ, ఎందుకంటే ఆ కంపెనీ పెట్టిన మాల్కమ్ జోన్సే ఒకప్పుడు కెఫ్‌లో ఈ స్పీకర్లో వాడిన బీ110 వూఫర్ (కింది శబ్దాల డ్రైవర్), టీ27 ట్వీటర్ డిజైన్ చేసిన మనిషి. ఆ రెండింటినీ మళ్ళీ చేయించి పెట్టెలో బిగించారు. ఒక ఎగ్జిబిషన్లో ఇదే పద్యం పెట్టించుకుని విన్నా, కళ్ళు మూసుకుంటే పాతదో కొత్తదో ఎవరూ చెప్పలేరు, పందెం కాస్తా.

అయినా కొందరున్నారు, సంతలో ఎద్దు పళ్ళు చూసినట్టు ముందున్న కంపెనీ పేరు పలక గోల్డ్ బ్యాడ్జా, బ్లాక్ బ్యాడ్జా, సీరియల్ నంబర్ ఎంత అని చూసి ధర పెంచేస్తారు, పాట మాత్రం వినరు. మన షోరూముల్లో అంతకన్నా ఘోరం, ఏది అడిగినా దడదడలాడే డెమో ట్రాక్ ఒకటే పెడతారు, ఫంక్షన్ హాల్లో సన్నాయి మీద కూడా ఆ బేసే, మైకులో పంతులుగారి మంత్రం ఒక్క ముక్క అర్థంకాదు. బేసే సౌండ్ అని మనకి నేర్పేశారండి, నాకు అది చాలా బాధ.

కాబట్టి కొనాలనుకుంటే మీకు బాగా తెలిసిన మనిషి గొంతు రికార్డు చేసి పట్టుకెళ్ళండి, అమ్మదైనా పిల్లలదైనా. సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందనేది) 83 డెసిబెల్స్ దగ్గరే, అంటే తక్కువే ఉంటుంది, అందుకని నిఖార్సైన యాంప్లిఫయర్ ఉండాలి, గట్టి స్టాండ్లు కావాలి, గోడకి ఆనించి పెట్టొద్దు. నున్నటి మార్బుల్ ఫ్లోర్ ఉన్న ఫ్లాట్ అయితే ముందు దళసరి తివాచీ ఒకటి పరిచి, ఓ రెండు మీటర్ల దూరంలో కూర్చుని వినండి. పెళ్ళి బారాత్ పాటలకి మాత్రం ఇవి తీసుకోకండి, ఆ డబ్బుకి వేరేవి బోలెడు దొరుకుతాయి.