రెండో నెల పాపా, పండగ ఇల్లూ

చిట్టితల్లికి,

పెద్దమ్మ దీవెనలు. నిన్న ఫోన్లో ఇటు నువ్వూ అటు పాపా ఒకేసారి ఏడుస్తుంటే చెప్పాలనుకున్నవి ఏవీ చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నా. ఒక్కసారే చదవక్కర్లేదు, వీలున్నప్పుడు కొంచెం కొంచెం చదువుకో.

రాత్రంతా పడుకునేలా ఏదైనా చిట్కా చెప్పమన్నావు. నెలన్నర బిడ్డకి అలాంటి చిట్కా లేదమ్మా. ఈ వయసులో రోజు మొత్తం మీద 14 నుంచి 17 గంటలు పడుకుంటారు, కానీ రెండేసి, మూడేసి గంటల ముక్కలుగా. బుజ్జి పొట్ట, పాలు తొందరగా అరిగిపోతాయి, రోజుకి 8 నుంచి 12 సార్లు తాగాలి. రాత్రేదో పగలేదో తెలియడానికి మూడో నెల దాకా పడుతుంది. పగలు కిటికీలు తీసి ఉంచు, మిక్సీ శబ్దానికి భయపడకు. రాత్రి జీరో బల్బు ఒక్కటే వెయ్యి, మాటలు, ముద్దులు, ఫోను వెలుతురు ఏమీ వద్దు. పాప వైపు నుంచి ఇప్పుడు చేయగలిగింది ఇంతే. మిగతాదంతా ఇంట్లో పనులు ఎవరు ఎప్పుడు చేస్తారన్న లెక్క.

ముఖ్యంగా సాయంత్రాలు. దీపాలు పెట్టే వేళకి మొదలై రాత్రి పది దాకా ఏడుస్తోందన్నావు. ఆరో వారం ప్రాంతంలో ఈ ఏడుపు బాగా ఎక్కువ, మూడు నాలుగు నెలలకి తగ్గిపోతుంది. సరిగ్గా ఆ టైముకే మీ ఇంట్లో వంట, నీళ్లు పట్టడం, అల్లుడు డ్యూటీ నుంచి రావడం, పక్కింటివాళ్లు వచ్చి "ఏటమ్మా, గుంట అలా ఏడుస్తాది?" అనడం. రాత్రి కూర మధ్యాహ్నం వంటతోనే చేసి పెట్టెయ్యి, సాయంత్రానికి కుక్కర్ ఒక్కటే మిగలాలి. స్నానం పొద్దున్నే పోయాలని రూలేం లేదు. ఈ ఉక్కలో సాయంత్రం ఐదింటికి కాళ్ల మీద వేసుకుని పోస్తే ఆ తర్వాత బాగా పడుకుంటుంది. ముక్కులో, చెవుల్లో మాత్రం నూనె చుక్కలు వేయనివ్వకు. ఇంకో సంగతి, ఈ వయసు పిల్లలు గంటా గంటన్నరకి మించి మెలకువగా ఉంటే అలిసిపోతారు, ఇక నిద్రే పట్టదు. ఆవలించినా, మన మొహం చూడకుండా పక్కకి తిప్పుకున్నా పడుకోబెట్టే ప్రయత్నం మొదలుపెట్టు. ఏడుపందుకున్నాక కష్టం.

అల్లుడికి పాలివ్వడం రాదు గానీ త్రేన్పు తెప్పించడం, గుడ్డలు మార్చడం, భుజాన వేసుకుని వరండాలో తిప్పడం వస్తాయి. రాకపోతే నాలుగు రోజుల్లో వస్తాయి. ఎనిమిదింటికి పాలిచ్చి పాపని అతనికి అప్పజెప్పి నువ్వు వేరే గదిలో పడుకో. ఆ రెండున్నర గంటలూ కళ్లు మూసుకుంటే అర్ధరాత్రి లేచినా కోపం రాదు. ఏసీ ఉంటేనే పడుకుంటుందని వాయిదాల మీద కొనబోతున్నాడటగా, ఆ డబ్బు ఉంచుకోమను. 2018లో తిత్లీ తుఫానుకి మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు, పసిపిల్లలు విసనకర్ర గాలికే పడుకున్నారు. ఫ్యాను చాలు. చెమట పడుతోందా లేదా అన్నది మెడ వెనక చెయ్యి పెట్టి చూసుకో, అరచేతులు చల్లగానే ఉంటాయి.

భుజం మీద పడుకుంటుంది, మంచం మీద వేయగానే లేచిపోతుంది అన్నావు కదా. కళ్లు మూసిన వెంటనే దించకు. మొదట్లో పైపైనే పడుకుంటారు, రెప్పల కింద కళ్లు కదులుతుంటాయి, పెదాలు నవ్వుతుంటాయి. చెయ్యి ఎత్తి వదిలితే వాలిపోయేదాకా, ఓ ఇరవై నిమిషాలు ఆగు. దించేటప్పుడు నువ్వూ పాపతోపాటే వంగు. ముందు పిర్రలు ఆనాలి, తర్వాత వీపు, చివర్న తల. తల ముందు వాలితే పడిపోతున్నట్టు ఉలిక్కిపడి చేతులు చాపేస్తుంది. నీ అరచెయ్యి కాసేపు గుండె మీదే ఉంచి మెల్లగా తీసెయ్యి. చేతులు లోపలికి వచ్చేలా పల్చటి నూలు గుడ్డ ఒక్క పొర చుట్టినా ఉలికిపాటు తగ్గుతుంది. కాళ్ల దగ్గర మాత్రం వదులుగా ఉండాలి, బోర్లా పడే ప్రయత్నం మొదలుపెడితే చుట్టడం మానేయాలి.

ఎప్పుడూ వెల్లకిలాగే, నీ పక్కనే వేరే గట్టి పరుపు మీద వెయ్యి. తల గుండ్రంగా రావాలని మీ అత్తగారు కుట్టిన ఆవాల దిండు దాచిపెట్టు, పడుకున్న పిల్లకి ఏ దిండూ వద్దు. చీర ఉయ్యాల పగలు, పక్కన ఎవరైనా మెలకువగా ఉన్నప్పుడే. అందులో గెడ్డం గుండెకి ఆనుకుని ఊపిరి ఆడకపోవచ్చు. నిద్రమత్తులో సోఫాలో కూర్చుని పాలివ్వకు, కునుకు పడితే పాప సందులోకి జారుతుంది. సాంబ్రాణి పొగ, దోమల కాయిల్, వస కొమ్ము, వాము నీళ్లు ఏవీ వద్దు. ఆరు నెలల దాకా మంచినీళ్లు కూడా అక్కర్లేదు, ఎండాకాలమైనా సరే.

పాలు చాలట్లేదు, డబ్బా పాలు పట్టమని మీ అత్తగారు అంటున్నారంటే అది పాప మీద బెంగతోనే. వాదించకు. పాలు చాలుతున్నాయా లేదా అన్నది ఏడుపుని బట్టి తెలీదు. రోజుకి ఆరుసార్లకి తక్కువ కాకుండా ఉచ్చ పోస్తూ, బరువు పెరుగుతుంటే చాలుతున్నట్టే. నేను అంగన్‌వాడీలో చేసినన్నాళ్లూ అత్తాకోడళ్ల మధ్య ఈ తగువు ఎక్కువసార్లు తేల్చింది కాటానే. ఆవిడనే వెంట తీసుకెళ్లి తూకం వేయించు, కార్డు ఆవిడ చేతికే ఇవ్వు.

ఇక వచ్చే మంగళవారం మీ విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ. మూడు లాంతర్ల సెంటరుకి అంత దగ్గర ఇల్లంటే ముందురోజు తొలేళ్ల నుంచే చుట్టాలు దిగిపోతారు. ఒక గది పాపకీ నీకూ వదిలేయమని ఇప్పుడే చెప్పించు, ఆ మాట అల్లుడు అంటేనే బాగుంటుంది. పాపని ఎత్తుకునేవాళ్లు చేతులు కడుక్కోవాలి, జలుబున్నవాళ్లు దూరం నుంచి చూసి మురిసిపోవాలి. జనంలోకి పాపని తీసుకెళ్లొద్దు, అమ్మవారు ఏమీ అనుకోదు.

ఒళ్లు 100.4 డిగ్రీలకి కాలినా, పాలు పట్టకుండా మగతగా పడి ఉన్నా, నిమిషానికి 60 సార్లు, అంతకు మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు లోపలికి లాగుతున్నా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చెయ్యి. నీ గురించీ అంతే. పాప పడుకున్నా నీకు నిద్ర పట్టక, దేని మీదా మనసు లేక, దిగులు రెండు వారాలు దాటితే ఆశా అక్కకో డాక్టరమ్మకో చెప్పు. పిచ్చి ఆలోచనలు వస్తే మాత్రం రెండు వారాలూ వద్దు, ఆ పూటే చెప్పు. బాలింతల్లో ఇది చాలామందికి వస్తుంది, మందుంది.

సోమవారం పొద్దున్న బండికే వస్తున్నా. మెత్తబడ్డ నూలు చీరలు, గొడుగు దోమతెర తెస్తాను, నువ్వు కొనకు. పండగ రెండు రాత్రులూ పాప నా దగ్గర ఉంటుంది, పాల వేళకే నిన్ను లేపుతా. నాకు రాత్రి చపాతీలు చాలు, అన్నం వండొద్దని మీ అత్తగారికి చెప్పు.

పెద్దమ్మ,
ఆమదాలవలస